టిక్కు పెట్టిన పేజీ

అల్మాస్‌గూడ,
ఆదివారం మధ్యాహ్నం.

పెద్దక్కయ్యకు, శారద నమస్కారాలు.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, మీ అత్తయ్యగారూ, చిట్టీ అక్కడ బాగున్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నూనె రాసుకోవడం మానేశావని చిట్టి ఫోన్లో చెప్పింది. చీరాల్లో సగం మందికి మందులు చెప్పేదానివి, నీ మోకాలి దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని బద్ధకమూ వస్తుంది. అత్తయ్యగారు కంటి ఆపరేషన్ అయ్యాక పేపరు చదవగలుగుతున్నారా?

బాగానే ఉన్నానని రెండోసారి కూడా రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు టీవీ చూసి బెంగ పెట్టుకుంటావు. టీవీవాళ్లు తగలబడ్డ ఒక్క బస్సునే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూపిస్తారు. ఆ బస్సు పక్కనుంచే నేను క్లాసుకు నడిచి వెళ్లాను. దాని పక్కన మిరపకాయ బజ్జీల బండి మామూలుగానే నడుస్తోంది. అందుకని నా గురించి కంగారు పడకు. ఈ ఉత్తరం నా గురించి కాదు. నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకునే నర్సింహ అనే మనిషి ఒకడున్నాడు. అతనికి పెద్ద ఆపద వచ్చింది. అతని తప్పేమీ లేదు. తెచ్చిపెట్టింది నేనే. ఏ సంగతైనా మొదటినుంచి వరసగా చెబితే తప్ప నాకు చేతకాదని నీకు తెలుసు. కాస్త ఓపికగా చదువు.

నేనొచ్చి ఎనిమిది నెలలైంది. మా ఇనిస్టిట్యూట్ దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర ఒక సందులో, మిఠాయి కొట్టు పైన మూడో అంతస్తులో ఉంది. ఓనరు ప్రసాదరావు గారిది మన గుంటూరు వైపే. ఆయన బోర్డు మీద ముందు మన వైపు ఊరి పేరు ఉండేది. గొడవలు మళ్లీ మొదలైన వారంలో ఆయనే నిచ్చెన వేసుకుని, డబ్బాలో తారు కలుపుకుని, ఆ పేరు మీద పూసేశారు. ‘ఎవడో వచ్చి పూసే కంటే మనమే పూసుకుంటే మిగతా అక్షరాలైనా పాడవవు కదమ్మా’ అన్నారు. ఇప్పుడు బోర్డు మీద సగం నలుపు, సగం ఇంగ్లీషు. కొత్తగా చేరడానికి వచ్చేవాళ్లు ఆ నలుపు వైపే చూస్తారు, ఎవరూ ఏమీ అడగరు.

ఉండేది అల్మాస్‌గూడలో రూతమ్మ గారింట్లో, ఒక గదిలో. ఆవిడది నల్లగొండ వైపు పల్లె. దవాఖానలో ఆయాగా పనిచేస్తుంది. ఆదివారం తెల్లచీర కట్టుకుని ప్రార్థనకు వెళుతుంది. ఇప్పుడు కూడా అక్కడికే వెళ్లింది. చలి బాగా ఉంది, నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. పొద్దున పూట జొన్నరొట్టె నాకూ ఒకటి పెడుతుంది. మొదట్లో మింగుడు పడలేదు గాని ఇప్పుడు అది లేకపోతే తోచదు. మన పులుసు మటుకు ఆవిడకు ఎక్కదు. నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించి, ‘ఏంది పంతులమ్మా, గింత పులుపు? పండ్లు జివ్వుమంటున్నయి’ అంటుంది. నాదర్‌గుల్‌లో విమానాలు నేర్పే చోటు ఒకటుంది. అక్కడి చిన్న విమానాలు రోజంతా మా మేడ మీదుగా తిరుగుతూ ఉంటాయి. మొదటి నెల అవి వచ్చినప్పుడల్లా తలెత్తి చూసేదాన్ని, ఇప్పుడు అలవాటైపోయింది.

సంతలో మటుకు నన్ను మాట్లాడొద్దంటుంది రూతమ్మ. ‘జర పైలం పంతులమ్మా. నువ్వు నోరు తెరిస్తే యాడిదానివో తెలుస్తది. నాకు నువ్వు బిడ్డవే గని, అందరికి గట్ల గాదు గదా’ అంది. దాంతో ముప్పై మందికి మాట్లాడడం నేర్పే నేను, వంకాయల ముందు వేలు చూపించి, నోరు కట్టేసిన మేకలా నిలబడి వస్తున్నాను. నవ్వుకో, పరవాలేదు. నేనూ నవ్వుకున్నాను, ఒకే బైకు మా సందు మలుపు దగ్గర మూడు సాయంత్రాలు వరసగా కనిపించేదాకా. నంబరు ప్లేటు మీద ఏపీ గీరేసి టీజీ అని చేత్తో రాసుంది. అలాంటి బైకులు ఇక్కడ వందలున్నాయి. కాని దీని మీద ఉన్నవాడు నన్ను చూసి చూపు తిప్పుకోలేదు. తరవాత ఎందుకో రావడం మానేశాడు.

క్లాసు సంగతి చెబుతాను. ముప్పై మందీ పెద్దవాళ్లే. నర్సులున్నారు, కొట్లలో గుమాస్తాలున్నారు, డిగ్రీ అయ్యి ఉద్యోగం వెతుక్కునేవాళ్లున్నారు. సగం మన వైపు వాళ్లు, సగం ఇక్కడి వాళ్లు. మొదట్లో కలిసి కూర్చునేవారు. ఇప్పుడు కిటికీ వైపు బెంచీలు మనవాళ్లవి, గోడ వైపు బెంచీలు ఇక్కడివాళ్లవి అయిపోయాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఒక సోమవారం వచ్చేసరికి అలా అయిపోయి ఉంది.

ఇంగ్లీషు మాత్రం ఇద్దరినీ సమానంగానే ఏడిపిస్తుంది. కామా పెట్టమంటే ఊపిరి తీసుకున్న చోటల్లా పెడతారు. ఫుల్‌స్టాపు అడిగితే పేజీ చివర ఒక్కటి పెట్టి ఊరుకుంటారు. మనవాళ్లకు జీరో, జూ అనే మాటల్లో ఆ నాలిక కొసతో రుద్దినట్టు పలికే శబ్దం ఎంత మొత్తుకున్నా రాదు. ఇక్కడివాళ్లు ఉర్దూ వింటూ పెరిగారు కనక వాళ్లకు నీళ్లు తాగినంత సులువు. ఆ ఒక్క దగ్గర గోడ వైపు వాళ్లు తలెత్తుకుని కూర్చుంటారు, నాకూ అది చూస్తే సరదాగా ఉంటుంది. ఒక నర్సు పిల్ల లేచి, ‘మేడం, ఐ అనే మాట ఎక్కడొచ్చినా పెద్దక్షరమే రాయాలి, యు మాత్రం చిన్నది రాయొచ్చు, అదేంటి మేడం?’ అని అడిగింది. వాళ్ల భాష, వాళ్లిష్టం అని తప్పించుకున్నాను.

రాసి పలకని అక్షరాల పాఠం చెప్పినరోజు నర్సింహ లేచాడు. నైఫ్‌లో కే, డెట్‌లో బీ, ఐలండ్‌లో ఎస్ ఎందుకు, తీసేస్తే పోదా అని ఎవరో అడిగితే, అతను వెనకనుంచి, ‘గవి మా లెక్కనే మేడం. కాగితం మీద ఉంటయి, నోట్లకు రానియ్యరు’ అన్నాడు. గోడ వైపు పకపకా నవ్వారు. కిటికీ వైపు ఒక్కరూ నవ్వలేదు. నేను డస్టరు తీసుకుని బోర్డు తుడిచేశాను.

ఈ నర్సింహది పెద్ద అంబర్‌పేట్ దాటాక లోపలికి ఉన్న ఊరు. ఇరవై ఆరేళ్లుంటాయి. ఇందాక చెప్పానే నాదర్‌గుల్ విమానాల చోటు, అక్కడ గడ్డి కోయడం, విమానం దిగే దారిలోకి గేదెలూ కుక్కలూ రాకుండా తోలడం, విమానాన్ని షెడ్డులోకి నెట్టడం అతని పని. పెద్ద విమానాశ్రయంలో సామాను దగ్గర ఉద్యోగం కోసం దరఖాస్తు పెట్టాడు. దానికి ఇంగ్లీషులో ఇంటర్వ్యూ ఉంటుంది, పోలీసులు మనిషి మంచివాడేనని కాగితమివ్వాలి. ఆ కాగితం రాకపోతే ఇంగ్లీషు ఎంత వచ్చినా లాభం లేదు. చేరిన కొత్తల్లో పేజీ పొడుగునా ఒకే వాక్యం రాసినవాడు, ఆరు నెలల్లో నాకంటే చక్కటి ఇంగ్లీషు రాయడం మొదలుపెట్టాడు. మాస్టార్లకు ఎవరో ఒకరి మీద పిచ్చి ప్రేమ ఉంటుంది. నాకు అతని నోటుబుక్కు మీద ఉండేది.

ఆ నోటుబుక్కుల పద్ధతి నేను పెట్టిందే. ప్రతి ఒక్కరూ రోజూ తమ సంగతులే పది వాక్యాలు ఇంగ్లీషులో రాయాలి. కల్పించి రాస్తే తెలిసిన మాటల చుట్టూనే తిరుగుతారు, జరిగింది రాస్తేనే తెలియని మాట కావలసి వస్తుంది. అందుకని నిజమే రాయండి, తేదీ వేయండి, ఎక్కడ, ఎవరు, ఎన్నింటికి అన్నీ రాయండి, పేర్లు లేకపోతే మార్కులు లేవు అని మొదటిరోజే చెప్పాను. శనివారం అందరివీ పోగు చేసి ఎర్రపెన్నుతో దిద్దుతాను. పెన్ను చేతికొస్తే నాకు మనుషులు కనబడరు పెద్దక్కయ్యా, తప్పులే కనబడతాయి. ఎవరి తాత పోయాడు, ఎవరికి పెళ్లి కుదిరింది అన్నది నా బుర్రకెక్కదు. తప్పు దిద్దడం, టిక్కు పెట్టడం, పేజీ తిప్పడం. పదిహేనేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగం ఇదే, ఇందులోనే నాకు పెద్ద గొప్ప.

ఆమధ్య ఒకరోజు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు చేశారు. అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే బంతి కూర్చుని తినడం. నిరసన అది. ఆడవాళ్లూ పిల్లలూ కూడా వచ్చారట, చాలాసేపు బాగానే జరిగిందట. సాయంత్రం ఎవడో రాయి విసిరితే అటుగా వచ్చిన ఇంకో బస్సు అద్దం పగిలి డ్రైవరు తల చితికింది. అప్పటినుంచి ఆ రోజు అక్కడ ఎవరెవరున్నారో పోలీసులు వెతుకుతున్నారు.

పోయిన సోమవారం మా ఇనిస్టిట్యూట్‌కు ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదిగా ఉన్నాడు. మూడంతస్తులు ఎక్కి వచ్చి రొప్పుతూ కూర్చుంటే నేనే మంచినీళ్లిచ్చాను. బస్సు గొడవ రోజున ఎవరెవరు క్లాసుకు రాలేదో చూడాలి, హాజరు పట్టీ ఇమ్మన్నాడు. ప్రసాదరావు గారు వెంటనే తీసి ఇచ్చేశారు. ఆ రోజు బస్సులు సరిగ్గా నడవలేదు గనక సగం మంది రాలేదు, పట్టీ చూసి అతనికి ఒరిగిందేమీ లేదు. లేవబోతూ నా బల్ల మీది నోటుబుక్కుల దొంతర చూశాడు.

‘గివన్ని మీరే దిద్దుతరా మేడం? మా బిడ్డ టెన్తు. ఇంగ్లీషు అంటే గజగజ వణుకుతది’ అన్నాడు.

‘వణకాల్సిన పని లేదండీ, రోజూ పది వాక్యాలు రాయించండి చాలు’ అన్నాను. ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. దొంతరలోంచి నర్సింహ నోటుబుక్కు లాగి, మొదటి పేజీ ఒకటి, మొన్నటి పేజీ ఒకటి తిప్పి చూపించాను. ఆరు నెలల కిందట ఎలా రాశాడో, ఇప్పుడెలా రాస్తున్నాడో చూడమన్నాను. అతను కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

‘మస్తు రాసిండు మేడం. జర గిది ఇస్తరా? మా బిడ్డకు జూపిస్త. రెండు దినాలల్ల మల్ల తెచ్చిస్త’ అన్నాడు.

ముప్పై నోటుబుక్కులున్నాయి పెద్దక్కయ్యా. అందులో చుట్టాల పెళ్లిళ్లూ, బస్సు ఆలస్యాలూ తప్ప ఏమీ లేనివి ఇరవై తొమ్మిది ఉండి ఉంటాయి. నేను ఏరి కోరి ఆ ఒక్కటే ఇచ్చాను. అట్ట మీద సుద్దపొడి ఉంటే కొంగుతో తుడిచి మరీ ఇచ్చాను.

అంతటితో ఆగినా కొంత నయం. మర్నాడు క్లాసులో అందరి ముందూ నర్సింహను లేపి నిలబెట్టి, ‘ఇతని నోటుబుక్కు పోలీసువాళ్లింటికి వెళ్లింది, అక్కడ పిల్లలు చూసి నేర్చుకోవడానికి’ అని మెచ్చుకున్నాను. చప్పట్లు కొడతారనుకున్నాను. గోడ వైపు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నర్సింహ నిలబడ్డవాడు కూర్చోవడం మరిచిపోయాడు.

క్లాసయ్యాక అందరూ వెళ్లిపోయేదాకా ఆగి నా బల్ల దగ్గరికొచ్చాడు.

‘మేడం, ఏ తారీఖు దాంక ఉన్నది గా బుక్కుల?’

‘మొన్న శనివారం దాకా. ఏం?’

‘అంటే బస్సు దినం సుత ఉన్నట్టే’ అన్నాడు.

నువ్వు అక్కడ ఉన్నావా అని అడిగాను. అతను నా వైపు వింతగా చూశాడు. ‘అన్ని రాసిన గద మేడం. మీరు టిక్కు వెట్టిన్రు’ అన్నాడు. దెప్పుతున్నట్టు కాదు, మామూలుగానే అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు తెలుగులో చెప్పాడు. మధ్యాహ్నం పప్పూ అన్నం వడ్డించాడట. రాయి పడ్డప్పుడు పది అడుగుల దూరంలో ఉన్నాడు. డ్రైవరు నెత్తురు కారుతూ దిగితే, తన కండువా చింపి కట్టి, ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. ‘నేను రాయి ముట్టలే మేడం. గని ఆడ ఉన్న. ఉన్నోనికి, ఏసినోనికి ఆళ్ల కాడ ఫరక్ లేదు. ఒక్కపారి కేసుల పేరొస్తె నాకు గా కాగితం ఎవరిస్తరు?’

నేను ధైర్యం చెప్పబోయాను. ఆ కానిస్టేబుల్ మంచివాడిలా ఉన్నాడు, పిల్ల కోసం పట్టుకెళ్లాడు, అంతా చదవరులే అన్నాను. నర్సింహ బల్ల అంచు గోకుతూ నిలబడ్డాడు.

‘ఇంకోటి ఉన్నది మేడం. గదే పేజీల, ఎన్క దిక్కు.’

ఆ బస్సు గొడవ జరిగిన మర్నాడు ఇద్దరు మనుషులు అతన్ని మిఠాయి కొట్టు ముందు ఆపారట. మీ ఆంధ్రా మేడం ఇల్లెక్కడ, అల్మాస్‌గూడ అని తెలిసింది, ఇల్లు తెలియలేదు, ఒకసారి పోయి గట్టిగా బెదిరిస్తే తనే మూట కట్టుకుని పోతుంది అన్నారట. నర్సింహకు నా ఇల్లు తెలుసు. ఒకసారి వానలో నా గొడుగు తెచ్చిచ్చాడు. ‘గా మేడం ఇల్లు ఖాళీ చేసింది, వనస్థలిపురం దిక్కు పోయింది, నాకెర్క లేదు అని జెప్పిన మేడం’ అన్నాడు. ‘ఆళ్లు ఉద్యమం జేసేటోళ్లు గాదు మేడం. ఉద్యమంల ఉన్నోళ్లు ఆడోళ్ల ఇండ్ల మీదికి రారు. గీళ్లు దాని పేరు జెప్పుకొని తిరుగుతరు.’

వాళ్ల పేర్లు కూడా రాశావా అని అడిగాను.

‘పేర్లు లేకుంటె మార్కుల్లేవు అంటిరి గద’ అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది పెద్దక్కయ్యా, పేజీ మొత్తం కళ్ల ముందు నిలబడింది. ఆ రెండు పేర్లకూ అతను మొదటి అక్షరాలు చిన్నవి రాశాడు. నేను ఎర్రసిరాతో వాటిని పెద్దవి చేశాను. అడ్డంగా అబద్ధమాడి నన్ను కాపాడినట్టు ఆ మనిషి నాకే రాసి ఇస్తే, నేను క్రియలు దిద్ది, టిక్కు పెట్టి, పేజీ తిప్పాను. నన్ను వెతుకుతున్నారని నాకు చెప్పిన ఒకే ఒక్క కాగితం అది. దాన్ని నా కళ్లతో చదివి, నా చేతుల్తో పోలీసుకిచ్చాను. అతని ముందే ఏడ్చేశాను. అతను కంగారుపడి మంచినీళ్ల సీసా తెచ్చిచ్చాడు.

గురువారం కానిస్టేబుల్ వచ్చాడు. నోటుబుక్కు పాత పేపర్లో చుట్టి జాగ్రత్తగా తెచ్చాడు. ‘బిడ్డ మస్తు ఖుష్ అయింది మేడం. మొత్తం సదివింది. నాకు తెలుగుల జెప్పింది’ అన్నాడు. మొత్తమా అన్నాను. మొత్తం అన్నాడు. అతని మొహంలో నాకు ఏమీ కనబడలేదు. నాలుగు మెట్లు దిగి వెనక్కి తిరిగి, ‘మంచి పోరడు మేడం. కొన్ని దినాలు ఈడ లేకుంటె మంచిది’ అని వెళ్లిపోయాడు.

పేపరు విప్పి చూశాను. ఆ పేజీ లేదు. చింపినట్టు లేదు, బ్లేడు పెట్టి కోసినట్టు నున్నగా ఉంది. అది అతన్ని కాపాడడానికి కోశాడో, కేసులో పెట్టుకోవడానికి కోశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కాగితం పొయ్యిలో కాలిపోయి ఉండొచ్చు, ఏ ఫైల్లోనో ఉండొచ్చు. నేను ఆ నున్నటి అంచు మీద వేలు పెట్టి అలా కూర్చుండిపోయాను.

శుక్రవారం ఆ ఇద్దరిలో ఒకణ్ణి పట్టుకుపోయారు. వేరే గొడవలో అని కొందరంటున్నారు. రెండోవాడు మాత్రం తన పేరు పోలీసులకెలా చేరిందని అడుగుతూ తిరుగుతున్నాడు. ఎలా చేరిందో ఊహించడం ఎంతసేపు? ఫలానావాడి నోటుబుక్కు పోలీసువాళ్లింటికి వెళ్లిందని ముప్పై మందికి చాటింపు వేసింది నేనే. నిన్న నాదర్‌గుల్‌కు ఎవరో బైకు మీద వచ్చి నర్సింహ ఏ వేళకు పని దిగుతాడని గేటు దగ్గర అడిగి వెళ్లారట. రూతమ్మ గారికి అంతా చెప్పేశాను. ఆవిడ పెనం మీది రొట్టె తిప్పి దించింది. తరవాత, ‘నువ్వు బడి గోడల నడుమ ఉండి బయటి లోకం మర్చిపోయినవ్ పంతులమ్మా’ అంది. తిట్టినా బాగుండేది.

పోలీసుల దగ్గరికి పోదామంటే ఆ పేజీ ఎవరి చేతిలో ఉందో తెలియదు. పల్లెకు పోదామంటే అక్కడికి గంట దారి, ఆ రెండోవాడికి అతని ఊరు తెలుసు. చుట్టాలందరూ ఆ చుట్టుపక్కలే. అతన్ని ఎవరూ వెతకని చోటు ఒక్కటే తోచింది నాకు. అందుకే ఫోన్లో చెప్పలేదు, పోస్టులో వేయలేదు.

ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన మనిషే నర్సింహ.

అతను వద్దన్నాడు. బుధవారం అతని ఇంటర్వ్యూ. ఆరు నెలలు ఆ ఒక్కరోజు కోసమే రాశాడు. ‘అది అయిపోయినంక పోత మేడం’ అన్నాడు. నేనే ఒప్పించాను, ఒప్పించడమేమిటి, బతిమాలాను. ఇవాళ సాయంత్రం ఎల్‌బీ నగర్‌లో రూతమ్మ గారే దగ్గరుండి బస్సెక్కిస్తుంది. నేను వెళితే నా వెనక ఎవరొస్తారో తెలియదు. ‘మీ అక్కకు నేనెవరని జెప్పాలె మేడం?’ అని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు ఉత్తరంలో రాస్తున్నానని చెప్పాను. తల ఊపాడు గాని నమ్మినట్టు లేడు. నా రాత మీద అతనికి నమ్మకం ఎందుకుండాలి?

మేడ మీద గది అతనికివ్వు. కొత్త చోట అడగడానికి మొహమాటపడతాడు, రెండోసారి నువ్వే వడ్డించు. కారం సరిపోదు, పక్కన పచ్చిమిరపకాయ పెట్టు. ఊరికే కూర్చోబెడితే ఉండలేడు, బావగారి కొట్లో ఏదైనా పని చెప్పు. బావగారు టీవీ ముందు కూర్చుని ‘వీళ్లు, వీళ్లు’ అంటూ తిట్టే మాటలు నాకు గుర్తున్నాయి. ఇప్పుడా ‘వీళ్ల’లో ఒకడు మీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మీ మరదలు ఇవాళ ఆసుపత్రి మంచం మీద కాకుండా కుర్చీలో కూర్చుని ఉత్తరం రాస్తోందంటే అతను చెప్పిన ఒక అబద్ధం వల్లేనని బావగారికి చెప్పు. కోప్పడితే నన్ను కోప్పడమను.

నువ్వూ వచ్చెయ్యవే అంటావు. రాను పెద్దక్కయ్యా. ఇద్దరం ఒకేసారి కనబడకుండా పోతే అతను నిజంగానే పేర్లు చెప్పి పారిపోయాడనుకుంటారు. రేపు క్లాసులో ముప్పై మంది ముందూ చెబుతాను, నోటుబుక్కు ఇచ్చింది నేను, అతనికి తెలియదు, అడగాల్సింది ఏదైనా ఉంటే నన్ను అడగమని చెప్పండి అని. ఆ మాట సాయంత్రానికల్లా చేరవలసినవాడికి చేరుతుంది. నాకు భయం లేదని రాయను, ఈ వాక్యం దగ్గర రెండుసార్లు లేచి తలుపు గడియ చూసుకున్నాను. కాని ఇది నేను దిద్దవలసినదే, ఇంకొకరి చేత దిద్దించలేను.

అత్తయ్యగారికీ బావగారికీ నా నమస్కారాలు చెప్పు. చిట్టికి ముద్దులు. నేను ఫోను చేసేదాకా నువ్వు చేయకు, ఎవరైనా నా గురించి అడిగితే ఉద్యోగంలో ఉంది అని మాత్రం చెప్పు. ప్రతిసారీ చివర నీ ఆశీస్సులు నాకు కావాలని రాస్తాను కదా. ఈసారి నాకొద్దు. ఎదురుగా ఉన్నాడు, అతనికివ్వు.

నీ చెల్లెలు,
శారద